గుస్సా వాళ్ళది, సబర్ మనదా?

మా అచ్చంపేటలో మెల్లగా మాట్లాడే మనిషి కనిపిస్తే "తబియత్ బాగాలేదా భాయ్?" అని అడుగుతారు. అరుపు మాకు అంతగా అలవాటైపోయింది. (అచ్చంపేట అంటే తెలంగాణలో నల్లమల పక్కన ఉన్నది కాదు. ఇది కృష్ణ ఒడ్డున ఉన్న మండలం. మొన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా.) మిరప కల్లంలో తూకం దగ్గర అరుపు, ఆటోలో సీటు దగ్గర అరుపు, షాదీలో బిర్యానీ దేగ్చా దగ్గర అరుపు. ఇందులో సగం గుస్సా కానే కాదు, ఒట్టి ఆదత్. ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీద ఉన్నవాడిని పిలిచి పిలిచి మా గొంతులు అలా తయారయ్యాయి. ఇంకో తమాషా ఏమిటంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే వాళ్ళకి కూడా గుస్సా వచ్చిందంటే నోట్లోంచి తెలుగే వస్తుంది. ఈ అరుపుల మీద నాకు షికాయత్ ఏమీ లేదు.

నేను చెప్పబోయేది ఇంకో రకం అరుపు గురించి. ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి, నలుగురిలోనో నాలుగు గోడల మధ్యనో, ఇజ్జత్ తీయడానికీ భయపెట్టడానికీ అరిచే అరుపు. అది ఎదురైనవాళ్ళకి మన పెద్దలు ఇచ్చే సలహా ఒక్కటే: "సబర్ కర్." ఇది సగం మంచి సలహా. రెండో సగం ఎవరూ చెప్పరు. చెప్పకపోవడం వల్ల మన ఘరానాల్లో చాలా జుల్మ్ మర్యాదగా సాగిపోతోందని నా ఖయాల్.

ముందు మంచి సగం గురించి.

పల్నాటి పౌరుషం అని మనం ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాం. హిందువులైనా ముసల్మాన్లయినా ఈ ఫఖర్‌లో తేడా లేదు. పన్నెండో శతాబ్దంలో కారంపూడి దగ్గర జరిగిన యుద్ధం, కోడిపందెం, ఓడినవాళ్ళు రాజ్యం వదిలి వెళ్ళడం, రాయబారానికి వెళ్ళిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాకపోవడం, ఇవన్నీ ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఏటా కారంపూడిలో వీరుల ఉత్సవం జరుగుతుంది. ఆ కథ విని ఒళ్ళు గగుర్పొడవని వాడు ఉండడు. కానీ అదే పౌరుషాన్ని మనం కిరాణా కొట్టు ముందుకీ, బైకు పక్కబైకుకి తగిలిన చోటుకీ తెచ్చుకున్నాం. 2024 మే 13న పోలింగ్ తర్వాత ఈ జిల్లాలో జరిగిన గొడవలు దేశమంతా టీవీల్లో చూసింది. 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టరును బదిలీ చేసింది. కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ళని అడగండి, అదంతా ఎక్కడ మొదలైందని. "వాడు ఒక మాటన్నాడు, నేను ఊరుకోవాలా?" అంటారు.

చాలా కొట్లాటలు మొదటి అరుపుతో మొదలు కావు, రెండో అరుపుతో మొదలవుతాయి. మొదటి అరుపుకి జవాబుగా ఇంకో అరుపు రాకపోతే అది కాసేపటికి దానంతటదే అలిసిపోతుంది. వినేవాళ్ళు కూడా "ఎందుకు భాయ్, ఆయన ఏమీ అనడం లేదుగా" అంటారు. జవాబుగా ఇంకో అరుపు వచ్చిందా, ఇక అది ఇద్దరి ఖాందాన్‌ల వ్యవహారం.

అరుపు చెవిన పడగానే గుండె దడదడ కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, చేతులు వణుకుతాయి. ఇది బుజ్‌దిలీ కాదు. ఖత్రా వచ్చిందనుకుని ఒళ్ళు అడ్రినలిన్ వదులుతుంది, అంతే. పారిపోవడానికో కొట్టడానికో ఒళ్ళు తయారవుతుంది. ఆలోచించి మాట్లాడే పని ఆ నిమిషంలో వెనక్కి పోతుంది. అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో పనిచేసిన జాన్ గాట్‌మన్ అనే ప్రొఫెసర్ మియా బీబీల తగాదాలను ఏళ్ళ తరబడి దగ్గర కూర్చుని గమనించాడు. గుండె నిమిషానికి వంద సార్లకు మించి కొట్టుకుంటున్న మనిషికి ఎదుటివాళ్ళ మాట తలకెక్కదని, కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండి మళ్ళీ మాట్లాడుకోవాలని ఆయన చెప్తాడు. గుస్సా వస్తే నిలబడి ఉన్నవాడు కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి అన్న ప్రవక్త (స) సలహా అబూ దావూద్ హదీసుల్లో ఉంది. కూర్చున్నవాడు చెయ్యెత్తడానికి ముందు లేవాలి కదా. ఆ లేచే లోపు అకల్ తిరిగి రావచ్చు.

ఇక్కడ ఒక సంగతి సాఫ్‌గా చెప్పాలి. ఆ సలహా గుస్సా వచ్చినవాడికి చెప్పింది. ఒకడు కర్ర పుచ్చుకుని మీ మీదకి వస్తుంటే మిమ్మల్ని కూర్చోమని కాదు. కొన్ని బయాన్‌లలో ఈ రెండూ కలిపేస్తుంటారు. మీదకి వచ్చేవాడు ఉన్నప్పుడు మొదటి పని జాన్ కాపాడుకోవడం.

దానికి కొన్ని మోటు సంగతులు తెలిస్తే చాలు. అరిచే మనిషికి చెయ్యి అందనంత దూరంలో ఉండాలి. మూలలో ఇరుక్కోకూడదు. గుమ్మం మీ వైపు ఉండాలి, అతను బయటకు పోయే దారికి మీరు అడ్డం నిలబడకూడదు. ఇంట్లో అయితే ముందు వంటగదిలోంచి బయటకు రండి. కత్తిపీట, పొయ్యి మీద మూకుడులో కాగే నూనె, ఇవి ఉన్న చోట జగ్డా వద్దు. వాకిట్లోకి వస్తే ఇరుగుపొరుగు చూస్తారని సిగ్గుపడతాం. చూడనివ్వండి, నలుగురు చూస్తున్నప్పుడు చెయ్యి లేవడం కష్టం. పొలంలో, కల్లంలో అయితే కొడవలీ గడ్డపారా ఎక్కడున్నాయో ఒక కన్ను వేసి ఉంచండి. రోడ్డు మీద అయితే బండి దిగకండి, దిగితే కొట్లాటకి కబూల్ అన్నట్టే లెక్క. అరిచేవాడు తాగి ఉంటే ఇక మాటలే వద్దు, వెళ్ళిపోండి. తాగినవాడిని ఒప్పించినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

చేతులు కనిపించేలా పెట్టుకోండి. వేలు చూపించొద్దు, భుజం మీద చెయ్యి వేయొద్దు, నవ్వొద్దు. ఫోను తీసి ముఖం ముందు పెట్టి వీడియో తీయడం కుర్రాళ్ళకి ఈమధ్య పెద్ద హథియార్ అయింది. దానితో అరుపు కాస్తా దెబ్బల్లోకి దిగుతుంది. "శాంతించు", "ఎందుకంత గుస్సా" అన్న మాటలు కూడా పని చేయవు. అవి విన్నవాడికి "నువ్వు పాగల్‌వి" అన్నట్టు వినపడతాయి.

మరి ఏమనాలి? చిన్న మాట, చిన్న గొంతు. "చాచా, మీ మాట విన్నాను. ఇప్పుడు జవాబు చెప్తే నా నోరు జారుతుంది. అసర్ తర్వాత వచ్చి మాట్లాడతాను." ఇంతే. తర్వాత అక్కడినుంచి కదలాలి. అన్నమాట ప్రకారం అసర్ తర్వాత వెళ్ళాలి కూడా. వెళ్ళకపోతే మీరు తప్పించుకున్నట్టే, రెండోసారి ఆ మాటకి ఖీమత్ ఉండదు. గంట తర్వాత అదే మనిషి, అదే చాచా, "బైఠో బేటా, చాయ్ తాగుతావా" అని అడిగిన సందర్భాలు మన అందరికీ అనుభవమే.

వెళ్ళే లోపు ఒక విషయం ఆలోచించాలి. అరుపు పక్కన పెడితే, ఆ మాటలో హక్ ఉందా? ఒకసారి ప్రవక్త (స) దగ్గరకి అప్పు వసూలుకి వచ్చిన మనిషి కఠినంగా మాట్లాడితే సహాబాలు అతని మీదకి లేచారు. ఆయన వాళ్ళని ఆపి, హక్ ఉన్నవాడికి మాట్లాడే అధికారం ఉంటుందని చెప్పి, బాకీ తీర్పించారు. బుఖారీలో ఉన్న సంగతే. మన మిరప కోతల్లో దీన్ని పెట్టి చూడండి. సీజనంతా వంగి వంగి కోసిన కూలీ తల్లి, డబ్బులు రేపు మాపు అని తిప్పుతుంటే కల్లం దగ్గరకొచ్చి అరిచింది. అది బద్‌తమీజీనా? ఆమె గొంతు తగ్గించే పని రైతు జేబులో ఉంది. టిక్కీలు యార్డుకి పోయాక ఇస్తానంటే ఏ తేదీన ఇస్తాడో చెప్పాలి. కౌలు రైతు పరిస్థితి కూడా నాకు తెలుసు, అతని మీద అరిచేవాళ్ళు ఇంకో వరుస ఉన్నారు. అయినా కూలి కూలే.

అదే అప్పు పేరుతో ఫైనాన్స్ కంపెనీ మనిషి వాకిట్లో నిలబడి ఆడవాళ్ళని గాలీలు తిట్టడం వేరే. దానికి హక్ అనే పేరు పెట్టొద్దు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు రాసిన నిబంధన ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. చిన్న మొత్తాల మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కుదరదు. మన ఆడవాళ్ళు గ్రూపు అప్పుల్లో ఉన్నారు కాబట్టి ఈ రెండు టైములు గుర్తుంచుకోవాలి. ఏజెంటు వచ్చి అరుస్తుంటే తలుపు దగ్గరే నిలబడి, పేరేంటి, ఏ కంపెనీ, ఐడీ కార్డు ఏది అని మెల్లగా అడిగి కాగితం మీద రాసుకోండి. రాసుకునేవాళ్ళ ముందు గొంతు తగ్గడం నేను చూశాను.

ఇక ఇంట్లోకి వద్దాం. అసలు కష్టం ఇక్కడే.

బజారులో అరిచినవాడి దగ్గరనుంచి వెళ్ళిపోవచ్చు. ఇంట్లో అరిచేవాడి దగ్గరనుంచి ఎక్కడికి వెళ్తారు? "అసర్ తర్వాత మాట్లాడదాం" అని బహూ అంటే "జబాన్ లడాతీ హై" అంటారు. మాట్లాడకుండా ఉంటే "మూతి ముడుచుకుంది" అంటారు. మైకే వెళ్ళి చెప్పుకుంటే అమ్మీ కూడా కళ్ళు తుడుచుకుని "సబర్ కర్ బేటీ, మర్ద్ జాత్ అలాగే ఉంటుంది" అంటుంది. నేను చెప్పిన రెండో సగం ఇదే. సబర్ అనేది అరుపు ఎదురైన ఆ పది నిమిషాలకి, ప్రాణం, పరువు కాపాడుకోవడానికి చెప్పిన మాట. పది ఏళ్ళకి చెప్పిన మాట కాదు. మనం దాన్ని ఇంట్లో అందరికన్నా కమ్‌జోర్ అయిన మనిషి నెత్తిన పెట్టి, అరిచేవాడిని మాత్రం "గుస్సా జరా తేజ్, దిల్ మాత్రం సోనా" అని మెచ్చుకుంటున్నాం.

ఆ సోనా దిల్ మనిషి కలెక్టరాఫీసులో గుమాస్తా మీద ఎందుకు అరవడు? ఎస్సై ముందు గొంతు ఎందుకు లేవదు? అక్కడ అదుపు చేసుకోగలిగినవాడు ఇంట్లో కూడా అదుపు చేసుకోగలడు. చేసుకోవాల్సిన జరూరత్ కనిపించక చేసుకోవడం లేదు.

ఖురాన్‌లో గొంతు తగ్గించుకోమన్న నసీహత్ లుఖ్మాన్ తన కొడుక్కి చెప్పినది. గాడిద గొంతుతో పోలిక కూడా అక్కడే ఉంది. తండ్రి కొడుక్కి చెప్పిన మాటని మనం సాస్ బహూకి చెప్పే మాటగా మార్చుకున్నాం. సూరా నిసా 148వ ఆయత్ చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. చెడు మాట బహిరంగంగా ఎత్తడం అల్లాహ్‌కి ఇష్టం లేదని చెప్తూనే, జుల్మ్‌కి గురైనవాళ్ళని అందులోంచి తప్పించింది. అంటే మజ్లూమ్‌కి తన తక్లీఫ్ నలుగురిలో చెప్పుకునే ఇజాజత్ ఉంది. "ఇంటి మాట బయట పెట్టింది" అని ఏ బేటీనైనా తిట్టేముందు ఈ ఆయత్ తీసి చూడండి.

కానూన్ కూడా ఇదే వైపు ఉంది. 2005లో వచ్చిన గృహహింస చట్టం దెబ్బల గురించే అనుకుంటారు చాలామంది. తిట్లు, అవమానాలు, పేర్లు పెట్టి పిలవడం, పిల్లలు కలగలేదనో మగపిల్లాడు లేడనో ఎత్తిపొడవడం, ఇవన్నీ అందులో హింసగానే రాశారు. మతంతో సంబంధం లేదు, ముస్లిం ఔరత్‌కి కూడా వర్తిస్తుంది. అరుపు రోజూ జరుగుతుంటే తేదీ, ఏమన్నారో, ఎవరు విన్నారో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోవాలి. ఒక జత బట్టలు, ఆధార్ కార్డు, నికానామా, కొంచెం డబ్బు నమ్మకమైన పొరుగింట్లో ఉంచుకోవాలి. ఒక ఖాలానో భాభీనో ముందే అనుకుని పెట్టుకుని, ఫలానా మాట ఫోనులో చెప్తే వెంటనే రావాలని ఇషారా ఒకటి పెట్టుకోవాలి. వస్తువులు విసరడం, గోడకేసి గుద్దడం, గొంతు మీద చెయ్యి వేయడం, చంపుతాననడం వరకు వస్తే ఇక సబర్ గురించి ఎవరి సలహా వినొద్దు. పిల్లల్ని తీసుకుని బయటపడాలి. 112 పోలీసులది, 181 ఆడవాళ్ళ హెల్ప్‌లైన్. బయటివాళ్ళు చంపుతామని బెదిరించినా, గొడవ రేపాలని ఇజ్జత్ తీసినా కొత్త భారతీయ న్యాయ సంహితలో 351, 352 సెక్షన్లు ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

అరుపుల్లోంచి మన ఇళ్ళల్లో పుట్టే ఇంకో ముసీబత్ తలాక్. గుస్సాలో మూడుసార్లు అనేసి, తెల్లారి మౌల్వీ సాబ్ దగ్గరకి పరుగెత్తేవాళ్ళు మనకి కొత్త కాదు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒకేసారి చెప్పే మూడు తలాకులు చెల్లవంది. 2019 చట్టం దాన్ని నేరం చేసింది, మూడేళ్ళదాకా ఖైద్. ఆ చట్టం మీద మనలో రకరకాల రాయ్ ఉంది, ఇప్పుడు ఆ బహస్ వద్దు. నేను చూపించాలనుకున్నది పాత సంగతి. పద్నాలుగో శతాబ్దంలోనే ఇబ్న్ ఖయ్యిమ్ గుస్సాలో చెప్పిన తలాక్ గురించి ప్రత్యేకంగా ఒక కితాబ్ రాశారు. గుస్సాని మూడు దర్జాలుగా విడదీశారు. ఏమంటున్నాడో తెలిసి అన్న గుస్సా ఒకటి, అకల్ పూర్తిగా పోయిన గుస్సా ఒకటి, ఆ రెండింటి మధ్యది ఒకటి. తెలిసి అన్నవాడి మాట చెల్లుతుందనీ, అకల్ పోయినవాడి మాట చెల్లదనీ, మధ్యదాని మీదే ఉలమాల మధ్య బహస్ ఉందనీ ఆయన లెక్క. ఆ రోజుల్లోనే ఇంత ఆలోచించారంటే, గుస్సాలో ఇళ్ళు కూలడం అప్పటికే పెద్ద సమస్య అన్నమాట. మనం మాత్రం ఆ బహస్‌లో నుంచి "నాకు అకల్ పోయింది" అన్న బహానా ఒక్కటే తీసుకుని దాచుకున్నాం.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. లెక్క తప్పు చేసినందుకు అబ్బా అరిచిన పిల్లాడు ఆ లెక్క నేర్చుకోడు, అరవడం నేర్చుకుంటాడు. రేపు చెల్లెలి మీద అరుస్తాడు, ఇరవై ఏళ్ళకి బీవీ మీద అరుస్తాడు. పిల్లలకి ఒకటి నేర్పండి. పెద్దవాళ్ళు ఎవరైనా, ఉస్తాద్ అయినా, మామూ అయినా, భయం పుట్టేలా అరిస్తే అక్కడినుంచి లేచి అమ్మీ దగ్గరకో దాదీ దగ్గరకో వెళ్ళిపోవడం బేఅదబీ కాదని. ఇంట్లో చెప్పుకోలేని పిల్లలకి 1098 అనే నంబరు ఉంది, అది కూడా తెలియాలి.

హజ్రత్ అనస్ (ర) చిన్న వయసులో ప్రవక్త (స) ఇంట్లో ఖిద్మత్‌కి చేరారు. పదేళ్ళు పనిచేశారు. ఆ పదేళ్ళలో ఆయన నోట "ఉఫ్" అన్న మాట కూడా తన మీద పడలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని అడగలేదని తర్వాత చెప్పుకున్నారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మన బయాన్‌లలో దీన్ని ఆయన గొప్ప అఖ్లాక్‌కి నిషానీగా చెప్పి వదిలేస్తారు. దుకాణంలో పనిచేసే కుర్రాడి మీద, డ్రైవరు మీద, ఇంట్లో గిన్నెలు తోమే అమ్మ మీద రోజుకి ఎన్నిసార్లు ఉఫ్ అంటున్నామో లెక్కపెట్టుకోమని ఎవరూ అనరు.

అందుకే నాదొక అర్జీ ఉంది. అచ్చంపేటలోనే కాదు, క్రోసూరులో, సత్తెనపల్లిలో, నరసరావుపేటలో ఉన్న మస్జిద్ కమిటీల పెద్దలకి. ఆడవాళ్ళ ఇజ్తెమాలో చెప్పే సబర్ బయాన్‌ని ఒక్క నెల ఆపండి. అదే బయాన్ జుమా రోజు మగవాళ్ళ సఫ్‌లు నిండాక, మొదటి వరసలో కూర్చునే పెద్దమనుషుల ముందు చెప్పించండి. మియా బీబీల పంచాయితీ వచ్చినప్పుడు బహూని "ఏమన్నావు?" అని అడిగేముందు, దామాద్‌ని "ఎందుకు అరిచావు?" అని అడగండి. ఆ పంచాయితీలో ఒక బుజుర్గ్ ఔరత్‌ని కూడా కూర్చోబెట్టండి. రంజాన్ కంటే ముందే ఇది మొదలైతే బాగుంటుంది. ఉపవాసం పేరు చెప్పి మగ్రిబ్‌కి ముందు ఇళ్ళల్లో ఎంత అరుపు ఉంటుందో మీకు తెలియనిది కాదు.